పెద్దవాళ్లను జీవిత కథ అడగకండి, చేసిన పని అడగండి

పల్లెలో పెద్దవాళ్ల జ్ఞాపకాలను రికార్డు చేయాలని బయలుదేరేవాళ్లలో చాలామంది మొదటి ప్రశ్నతోనే పని చెడగొట్టుకుంటారు. ఎదురుగా కూర్చుని, ఫోను ముందు పెట్టి, "మీ జీవిత కథ చెప్పండి" అంటారు. ఆ పెద్దమనిషి కాసేపు పైకి చూసి, "చెప్పడానికి ఏముంది నాయనా, పుట్టాం, కష్టపడ్డాం, పిల్లలను పెంచాం, ఇదిగో ఇలా మిగిలాం" అంటాడు. ఎనభై ఏళ్ల బతుకు అర నిమిషంలో ముగిసిపోతుంది. తప్పు ఆయనది కాదు. తన బతుకులో నలుగురికీ చెప్పదగిన కథ ఉందని ఆయనకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అలాంటివి నాయకులకు ఉంటాయని ఆయన నమ్మకం.

అదే మనిషిని ఇలా అడిగి చూడండి: "మొదటిసారి కూలికి వెళ్లినప్పుడు మీకు ఎన్నేళ్లు? ఏం పని చెప్పారు? కూలి ఎవరు ఇచ్చారు, దేనితో కొలిచారు?" ఒక ముసలావిడను నేను ఈ చివరి ప్రశ్నే అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి ఒక గిన్నె తెచ్చింది. గింజలు కొలిచే మనిషి కుంచాన్ని ఎలా పట్టుకునేవాడో చూపించింది. నాలుగు వేళ్లు బయట, బొటనవేలు మాత్రం లోపల. ఆ వేలు పట్టినంత మేర ప్రతి కుంచంలోనూ గింజలు తగ్గేవి. "అసలే లావుపాటి వేలు" అని నవ్వింది. చూస్తూ ఎవరూ అడగలేదా అన్నాను. అడిగినవాళ్లకు మర్నాడు పని ఉండేది కాదని చెప్పింది. అక్కడి నుంచి మాట ఆగలేదు. కూలి ఎవరు ఖరారు చేసేవారు, ఆడవాళ్లకు ఎంత తక్కువ ఇచ్చేవారు, కడుపుతో ఉన్నప్పుడు ఎన్నో నెల దాకా పొలానికి వెళ్లేవారు, అప్పు ఎవరి దగ్గర పుట్టేది, అన్నీ వరసగా వచ్చాయి. సాంఘిక చరిత్ర అంటూ నేను వెతుక్కుంటూ వెళ్లిందంతా ఆ బొటనవేలి వెనకే ఉంది.

నా పద్ధతి మొత్తం ఇదే. పని అడగాలి, వస్తువు అడగాలి, దారి అడగాలి. అభిప్రాయాలు వాటంతట అవే వస్తాయి.

ఎవరి దగ్గరకు వెళ్లాలి

ఏ ఊళ్లోనైనా "పాత సంగతులు ఎవరికి బాగా తెలుసు" అని అడిగితే అందరూ ఒకరిద్దరి పేర్లే చెబుతారు. వాళ్లు సాధారణంగా పదవిలో ఉండి దిగినవాళ్లో, పెద్ద కమతం ఉన్నవాళ్లో, బడిపంతుళ్లో అయి ఉంటారు. వాళ్ల దగ్గరకు మర్యాదకు ముందు వెళ్లండి, వెళ్లకపోతే మిగతా తలుపులు తెరుచుకోవు. కానీ అక్కడే ఆగిపోకండి. వాళ్లు ఆ కథలను వందసార్లు చెప్పి నున్నగా చేసి పెట్టుకున్నారు. వాటిలో ఊరంతా కలిసిమెలిసి ఉన్నట్టే ఉంటుంది.

మంత్రసాని పని చేసినావిడ, పశువులు కాచినవాడు, ఏడాది జీతానికి ఒకే ఇంట్లో పాలేరుగా ఉన్నవాడు, ఉత్తరాలు పంచినవాడు, పెళ్లయి వేరే ఊరి నుంచి వచ్చి ఇక్కడి పద్ధతులన్నీ కొత్తగా నేర్చుకున్న కోడలు, బతుకుతెరువుకు వెళ్లి ముసలితనంలో తిరిగి వచ్చినవాడు. వీళ్లు ఊరిని వేరే వైపు నుంచి చూసినవాళ్లు. "నాకేం తెలుసు, మా ఆయన్ని అడగండి" అనే ఆడవాళ్ల దగ్గర నేను పట్టు వదలను. ఆయనకు పొలం గట్లు తెలుస్తాయి. పొయ్యి ఎలా వెలిగించారో, నీళ్లు ఎంత దూరం నుంచి మోశారో, ఎవరి పిల్లలు ఏ జబ్బుతో పోయారో ఆవిడకు తెలుస్తుంది.

దీనికి పెద్ద చదువులు కావాలని వెనకాడకండి. ఐర్లండ్‌లో 1937, 1939 మధ్య సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు తమ ఇళ్లలో, ఇరుగుపొరుగున ఉన్న ముసలివాళ్లను అడిగి పాత సంగతులు రాసుకొచ్చారు. అవి ఏడు లక్షల నలభై వేల పేజీల దాకా అయ్యాయి. దేశపు జానపద భాండాగారంలో ఇప్పటికీ పెద్ద భాగం అవే. పిల్లలు అడిగితే పెద్దవాళ్లు మొదటి నుంచి విడమరిచి చెబుతారు. ఆ వెసులుబాటు మనకు ఉండదు, "నీకు తెలియనిదా" అని సగం మింగేస్తారు. అందుకే నేను తెలిసినవి కూడా తెలియనట్టే అడుగుతాను. నాగలి ఎలా కట్టాలో నాకు చెప్పాల్సిన పని లేదని వాళ్లకు అనిపించిందంటే ఆ రికార్డు వినబోయే రేపటి మనిషికి ఏమీ మిగలదు.

అడిగేది ఎవరు

దీన్ని చాలామంది పట్టించుకోరు. అన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవలసింది ఇదే.

అమెరికాలో 1936, 1938 మధ్య ప్రభుత్వ పథకం కింద రచయితలు ఊరూరా తిరిగి, ఒకప్పుడు బానిసలుగా బతికిన వృద్ధుల మాటలు 2,300కు పైగా సేకరించారు. దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో సూసన్ హామ్లిన్ అనే వృద్ధురాలిని 1937లో ఇద్దరు వేరువేరుగా కలిశారు. ఒకరు తెల్లజాతి మహిళ, మరొకరు నల్లజాతి పురుషుడు. తెల్లావిడ సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చిందని హామ్లిన్ అనుకుంది. ఆమెతో యజమాని మంచివాడనే చెప్పింది. నల్లజాతి మనిషితో మాట్లాడినప్పుడు కొరడా దెబ్బల గురించి, తల్లుల నుంచి పిల్లలను విడదీసి అమ్మడం గురించి చెప్పింది. మనిషి ఒకరే, బతుకూ ఒకటే. ఎదురుగా కూర్చున్న మనిషి మారితే మాట మారింది.

ఇప్పుడు మన సంగతి ఆలోచించుకోండి. భూస్వామి మనవడు వెళ్లి, ఆ ఇంటి పాలేరును "మా తాతగారు ఎలా ఉండేవారు" అని అడిగితే ఏ జవాబు వస్తుంది? దేవుడి లాంటి మనిషి అనే వస్తుంది. మీరు ఎవరి పిల్లలు, ఏ కులం, ఏ వీధి, ఏ పార్టీ అన్నది కుర్చీ వేయకముందే లెక్క తేలిపోతుంది. కొన్ని ఇళ్లకు మీరు వెళ్లకుండా వేరొకరిని పంపడమే మంచిది. సంక్షేమ పథకం కోసం రాసుకోవడానికి వచ్చారని పొరబడే అవకాశం ఉంటే మొదటే తేల్చి చెప్పండి. లేకపోతే పింఛను వస్తుందన్న ఆశతో కష్టాలు మాత్రమే చెబుతారు, పోతుందన్న భయంతో కొన్ని దాస్తారు. ఏ పరిస్థితిలో మాట్లాడారో, గదిలో ఇంకా ఎవరున్నారో రికార్డుతో పాటు ఒక కాగితం మీద రాసి ఉంచండి. పక్కన కోడలు కూర్చుని ఉన్నప్పుడు అత్త చెప్పింది వేరు, ఆవిడ లేనప్పుడు చెప్పింది వేరు.

మొదటిసారి ఉత్త చేతులతో

మొదటిసారి వెళ్లినప్పుడు రికార్డర్ బయటికి తీయను. ఎందుకు వచ్చానో చెబుతాను, ఏం చేస్తానో చెబుతాను, ఎవరు వింటారో చెబుతాను. వినికిడి ఏ చెవికి బాగుందో గమనిస్తాను. పళ్లసెట్టు ఉంటే మాట్లాడేటప్పుడు పెట్టుకుంటారో లేదో చూస్తాను. ఏ వేళ ఓపికగా ఉంటారో ఇంట్లోవాళ్లను అడుగుతాను. మందులు వేసుకున్నాక కునుకు పట్టే వేళలో కూర్చోబెడితే ఇద్దరికీ శిక్షే.

ఒప్పుకోలు రెండుసార్లు తీసుకోవాలి. రికార్డు చేయడానికి ముందు ఒకసారి, అంతా అయ్యాక "ఇందులో తీసేయాల్సింది ఏమైనా ఉందా" అని మరోసారి. ఏం చెప్పబోతున్నామో చెప్పేదాకా ఎవరికీ తెలియదు కాబట్టి రెండోదే అసలైనది. సంతకం చేయలేనివాళ్లు ఉంటే ఒప్పుకోలును వాళ్ల గొంతులోనే రికార్డు చేయండి. ఎవరు ఉంచుకుంటారు, ఎవరు వినవచ్చు, పేరు పెట్టాలా వద్దా, వెనక్కి తీసుకోవాలంటే ఎవరికి చెప్పాలి. ఈ నాలుగూ అందులో ఉండాలి. డబ్బు గానీ సాయం గానీ ఇస్తామని ఆశ పెట్టకండి.

యంత్రం

దీని గురించి జనం అవసరానికి మించి బెంగపడతారు. మంచి ఫోను చాలు. చొక్కాకు తగిలించే చిన్న మైకు ఉంటే ఇంకా మేలు. ఫోనును విమాన స్థితిలో (ఎయిర్‌ప్లేన్ మోడ్) పెట్టండి, లేదంటే సరిగ్గా గొంతు వణికే చోట ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ఫోను నోటికి జానెడు నుంచి మూరెడు లోపు దూరంలో ఉండాలి, బల్ల మీద నేరుగా కాకుండా మడిచిన గుడ్డ మీద పెట్టాలి. పంకా, ఫ్రిజ్, టీవీ, గోడ గడియారం, వీటి చప్పుడు మనకు అలవాటై వినిపించదు. మైకు దేన్నీ వదలదు. కూర్చున్నాక కళ్లు మూసుకుని కాసేపు వినండి, ఏం ఆపాలో తెలుస్తుంది. ఖాళీ గదిలో మాట మోగుతుంది, పరుపులూ బట్టలూ ఉన్న గదిలో శుభ్రంగా పడుతుంది.

రికార్డింగ్ సెట్టింగుల్లో కుదింపు లేని వేవ్ (WAV) ఫైలు, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకుని రికార్డు చేయండి. ఒక్క మైకుతో, 16 బిట్లలో అయితే గంటకు సుమారు 350 మెగాబైట్లు పడుతుంది. ఈ రోజుల్లో అదేం పెద్ద బరువు కాదు. మొదలుపెట్టగానే తేదీ, చోటు, ఇద్దరి పేర్లు మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు పోయినా మాట పోదు. ఒక నిమిషం మాట్లాడించి, ఆపి, విని చూసుకోండి.

వీడియో సంగతి అడుగుతారు. చేతిపని చూపించేటప్పుడు తప్ప నేను వద్దంటాను. కెమెరా చూడగానే పెద్దవాళ్లు జుట్టు సర్దుకుని, ఉపన్యాసం భాషలోకి వెళ్లిపోతారు.

ప్రశ్నలు

పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి మనుషులకు ముసలితనంలో ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు చెబుతారు. నా అనుభవమూ అదే. కాబట్టి ఆ వయసు దగ్గరే ఎక్కువసేపు ఉండండి. మొన్నమొన్నటి సంగతుల్లో తడబడుతున్నారని మనిషిని వదిలేయకండి. మొన్నటి భోజనం గుర్తులేనివాళ్లు అరవై ఏళ్ల నాటి ఎద్దుల పేర్లు చెబుతారు.

"ఆ రోజుల్లో జీవితం బాగుండేదా?" ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ వస్తుంది, ఆ తర్వాత ఇద్దరూ ముఖాలు చూసుకోవాలి. "కుల వివక్ష ఉండేదా?" అన్నా అంతే, "ఎక్కడైనా ఉండేదేగా" అని దాటేస్తారు. దానికి బదులు ఒక తెల్ల కాగితం ఇచ్చి, పదేళ్ల వయసులో ఊరు ఎలా ఉండేదో గీయమంటాను. గీయలేమంటే వాళ్లు చెబుతుంటే నేనే గీస్తాను. బావి ఎక్కడ? ఎవరెవరు నీళ్లు తోడుకునేవారు? తోడుకోనివాళ్లు ఏ వేళకు వచ్చి ఎక్కడ నిలబడేవారు? మీ ఇంటి నుంచి బడికి ఏ దారిన వెళ్లేవారు, దగ్గరి దారి ఉండగా ఆ దారే ఎందుకు? పెద్దింటికి వెళితే ఎక్కడిదాకా వెళ్లేవారు, గేటు దాకానా, అరుగు దాకానా, వంటింటి దాకానా? చెప్పులు ఎక్కడ విడిచేవారు? వివక్ష అనే మాట ఒక్కసారి కూడా రాకుండానే దాని కొలతలన్నీ ఆ కాగితం మీదికి ఎక్కుతాయి. ఆ కాగితం మీద తేదీ వేసి దాచండి, గొంతుతో సమానమైన ఆధారం అది.

పని గురించి అడిగేటప్పుడు ఒక రోజును పట్టుకోండి. "కోతల కాలంలో తెల్లవారుజామున లేచారు. ఏం చేశారు? ఆ తర్వాత?" అని పొద్దుగూకేదాకా నడిపించండి. ఎవరు ముందు తిన్నారు, ఎవరు మిగిలింది తిన్నారు, పసిబిడ్డను ఎక్కడ పడుకోబెట్టారు, నడుం నొప్పి వస్తే ఏం చేశారు అన్నవి ఈ దారిలోనే దొరుకుతాయి. వస్తువులకు బలం ఎక్కువ. పాత కొడవలి చేతిలో పెట్టగానే చేయి తనంతట తాను కదులుతుంది, ఆ కదలికతో పాటు మాట వస్తుంది. అయితే చేతులతో చూపించినవి రికార్డులో పడవు. "ఇంత ఉండేది" అంటే "మీ మోచేతి దాకా అన్నమాట" అని మీరు పైకి అనాలి. ఫోటోల ఆల్బమ్ తిరగేస్తుంటే "ఇది మూడో ఫోటో, తలపాగాతో నిలబడిన మనిషి గురించి చెబుతున్నారు" అనాలి. విసుగ్గా అనిపిస్తుంది, కానీ ఇరవై ఏళ్ల తర్వాత వినేవారికి అది తప్ప దారి లేదు.

మాట ఆగినప్పుడు తొందరపడి తర్వాతి ప్రశ్న వేయకండి. నోరు మూసుకుని కూర్చోవడం ఈ పనిలో సగం. ఆ విరామం తర్వాత వచ్చే వాక్యమే తరచుగా ఆ రోజుకు మీరు వచ్చిన కారణం అవుతుంది. "ఊఁ" కొట్టడం కూడా తగ్గించి, తల ఊపండి. గంట, గంటన్నర దాటితే ఆపేయండి. ఇంకా చెబుతామన్నా ఆపండి. అలిసిపోయాక మనుషులు క్లుప్తంగా ముగించేస్తారు, ఆ తర్వాత మళ్లీ అదే విషయం అడిగితే "అది చెప్పేశానుగా" అంటారు.

తేదీలు తప్పుతాయి, తప్పనివ్వండి

సంవత్సరం అడగకండి. "పెద్దబ్బాయి పుట్టాడా అప్పటికి?", "కరెంటు వచ్చిందా?", "ఆ కరవుకు ముందా తర్వాతా?" అని అడగండి. తర్వాత తీరిగ్గా మీరే లెక్క కట్టుకోవచ్చు. రికార్డు చేస్తుండగా సరిదిద్దితే మాత్రం మనిషి బిగుసుకుపోతాడు, ఆ తర్వాత ప్రతిదానికీ "నాకు సరిగ్గా గుర్తులేదు" అంటాడు.

పైగా తప్పు కూడా ఏదో చెబుతుంది. ఇటలీలోని తెర్ని పట్టణంలో లుయీజీ ట్రస్తుల్లి అనే 21 ఏళ్ల ఉక్కు కార్మికుడు 1949 మార్చి 17న పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. తమ దేశం నాటో అనే సైనిక కూటమిలో చేరడానికి వ్యతిరేకంగా కార్మికులు చేసిన ప్రదర్శన అది. దశాబ్దాల తర్వాత ఆ ఊరి కార్మికులను కదిలిస్తే చాలామంది ఆ చావును 1953లో కర్మాగారం నుంచి వేలమందిని తీసేసినప్పటి గొడవల్లో జరిగినట్టు చెప్పారు. కాగితాల ప్రకారం అది తప్పు. కానీ తమవాడి చావుకు ఎదురు చెప్పలేకపోయిన మనుషులు, తాము నిజంగా పోరాడిన సమయంలోకి ఆ చావును జరుపుకున్నారు. మీ రికార్డులోనూ ఇలాంటివి వస్తాయి. అసలు తేదీ దొరికితే పక్కన రాయండి, మాటను మాత్రం ముట్టుకోకండి.

కొన్ని మాటలను మరో రకంగా కాపాడాలి. ఫలానావాళ్ల భూమి ఎలా వచ్చిందో, ఫలానావాళ్ల బిడ్డ ఎవరికి పుట్టిందో చెబుతారు. వాళ్ల వారసులు పక్క వీధిలోనే ఉంటారు. అలాంటి భాగాన్ని విడిగా గుర్తుపెట్టి, కొన్నేళ్లు మూసి ఉంచండి. ఎన్నేళ్లో చెప్పినవాళ్లనే అడగండి. చెరిపేయమంటే వాళ్ల ఎదురుగానే చెరిపేయండి. ఏడుపు వస్తే రికార్డర్ ఆపాలా అని అడగండి, మీరే నిర్ణయించకండి. కొందరు ఆపమంటారు, కొందరు "ఉండనీ, ఇది కూడా వినాలి" అంటారు.

ఇంటికి వచ్చాక

ఆ రాత్రే ఫైలును కంప్యూటరులోకి ఎక్కించి, విని, విషయసూచిక రాయండి. "12వ నిమిషం: బావి, నీళ్ల వంతులు. 19వ నిమిషం: అన్న చావు" అని చాలు. మొత్తం మాటామాటా రాయాలంటే గంట రికార్డుకు ఐదారు గంటలు, మాట స్పష్టంగా లేకపోతే ఇంకా ఎక్కువ పడుతుంది. అందరివీ రాయలేరు, సూచిక మాత్రం అందరికీ రాయగలరు. రాసేటప్పుడు వాళ్ల యాసను పుస్తక భాషలోకి దిద్దకండి. మాటలను అక్షరాల్లోకి మార్చే యంత్రాలు ఇదే తప్పు చేస్తాయి. పల్లె మాట అర్థం కాకపోతే దానికి దగ్గరగా ఉన్న పట్నం మాట పెట్టేస్తాయి. వాడండి, కానీ విన్నాకే నమ్మండి.

అక్షరాల్లోకి ఎక్కాక ధ్వని అక్కర్లేదనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. ఐర్లండ్‌లో 1935లో ఏర్పడిన జానపద సంఘం తరఫున సేకరణ చేసినవాళ్లు ఎడిఫోన్ అనే యంత్రంతో మైనపు స్థూపాల (గొట్టం ఆకారపు సిలిండర్ల) మీద గొంతులు రికార్డు చేసేవారు. స్థూపాలు ఖరీదైనవి కావడంతో, రాసుకోవడం పూర్తయ్యాక పై పొర గీకేసి మళ్లీ వాడేవారు. రాతప్రతులు భద్రంగా ఉన్నాయి. ఆ గొంతుల్లో చాలావరకు లేవు. వాళ్లకు డబ్బు లేక అలా చేశారు, మనకు ఆ సాకు లేదు.

మూడు ప్రతులు ఉంచండి: కంప్యూటరులో ఒకటి, విడి డిస్కులో ఒకటి, వేరే ఊళ్లోనో ఆన్‌లైన్ నిల్వలోనో ఒకటి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ, చోటు వరసగా ఉండాలి. "తాత కొత్తది చివరిది" లాంటి పేర్లు పెట్టకండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ షరతుల మీద అన్న కాగితాన్ని ప్రతి ప్రతితోనూ జత చేయండి. అది లేకపోతే ఏ గ్రంథాలయమైనా, విశ్వవిద్యాలయమైనా తీసుకోవడానికి వెనకాడుతుంది. కుటుంబానికి ఒక ప్రతి తప్పనిసరిగా ఇవ్వండి, వాళ్ల ఫోనులో వినపడే రూపంలో ఇవ్వండి. మీరు ఇచ్చిన డిస్కును పెట్టి చూసే యంత్రం వాళ్లింట్లో లేకపోతే ఇచ్చినా ఇవ్వనట్టే.

ఇక లేచి వచ్చేముందు ప్రతి ఇంట్లోనూ నేను అడిగే చివరి ప్రశ్న ఒకటి ఉంది: "ఈ సంగతులు ఇంకా ఎవరికి తెలుసు?" రెండు మూడు పేర్లు చెబుతారు. వాటిలో బాగా మాట్లాడతారని పేరున్న మనిషి దగ్గరకు ముందు వెళ్లాలనిపిస్తుంది. ఆయన్ని తర్వాత చూసుకోవచ్చు. ఆ పేర్లలో ఎవరికి ఒంట్లో బాగుండటం లేదో కనుక్కుని, ఆ వారంలోనే అక్కడికి వెళ్లండి.